గింత పచ్చగుంటె భయమైతది

మొన్న తార్నాకలో ఒక బత్తాయి మొక్కను బేరమాడుతూ మధ్యలో భయపడి ఆగిపోయాను.

బేరం మధ్యలో ఆగడం మా ఇంటావంటా లేదు. మాది గోల్నాకలో కిరాణా కొట్టు. ఎదురుగా మేనమామ గిన్నెల దుకాణం, పక్కనే చిన్నాన్న పిండిగిర్నీ. అన్నప్రాశన రోజు పుస్తకం, పెన్ను, బంగారం వరసగా ముందు పెడితే, వాటన్నిటినీ దాటి పాక్కుంటూ వెళ్లి కాటా గొలుసు పట్టుకున్నానట. అన్నప్రాశన జరిగింది కొట్లోనే కాబట్టి అందులో నా గొప్పేమీ లేదు.

మొక్కలమ్మేవాడు ట్రాలీ ఆటో నిండా కుండీలూ నల్లకవర్లూ పేర్చుకుని సందు మొదట్లో ఆపాడు. నేను పక్కనున్న మందారం ధర అడిగి, గులాబీని తిట్టి, అసలు కావలసిన బత్తాయి దగ్గరకి ఏమీ ఆశ లేనట్టు వచ్చాను.

“జూడమ్మా ఎట్ల నిగనిగలాడుతుందో! ఇసుంటి పచ్చదనం హైదరాబాద్ మొత్తంల లేదు. మూడు నెలల్ల నీ మెడ కాడికి లేస్తది” అన్నాడు.

“లేస్తే నాకేం లాభం? కాయ కాయాలె గదా. ఆకులు కూరొండుకోవాల్నా? సగానికియ్యి.”

“సగానికా! నువ్వు ఆటోతోని సహా అడుగు, ఇస్త.”

వాడు తలకొట్టుకున్నాడు. బేరం రంజుగా ఉంది. ఇంకాస్త కిందికి లాగుదామని ఆకు మీద చెయ్యి వేశాను. ఆకు నల్లపచ్చగా, అరచేయంత వెడల్పుగా, నీళ్లు నింపినట్టు మెత్తగా ఉంది. నా చెయ్యి చూసుకుంటే, వేళ్లు వెల్లకిలా తిప్పి, వేళ్ల వెనక వైపుతో ఆకును ముట్టుకుంటున్నాను. పిల్లలకి జ్వరం చూసేటట్టు. నా పద్ధతి కాదది. చెవి పక్కనే ఎవరో నెమ్మదిగా అన్నట్టయింది: “గింత పచ్చగుంటె నాకు భయమైతది బిడ్డా.”

నేను నోరు మూసుకున్నాను. అమ్మేవాడు దాన్ని నా కొత్త ఎత్తు అనుకుని, అడగకుండానే ఇంకో మెట్టు దిగాడు.

ఎప్పుడో ఆ మాట అన్నాయన పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. హాజరు పుస్తకంలో తన పేరు ఎదుట వేలిముద్ర వేసేటప్పుడు కూడా ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు వేసేవాడు. యూనివర్సిటీ తోటలో నీళ్లు పెట్టే రోజుకూలీ. అందరూ తాత అనేవాళ్లు. ఎండిన చింతబరికెలా ఉండేవాడు. ఎవరో సెక్యూరిటీ గార్డు వదిలేసిన ఖాకీ చొక్కా వేసుకునేవాడు. జేబు మీద బ్యాడ్జీ విప్పేసిన కుట్ల గుర్తులు అలాగే ఉండేవి. ఆ కుట్లను బొటనవేలితో తడుముకుంటూ ఉంటే భయంలో ఉన్నాడని లెక్క. అంటే దాదాపు ఎప్పుడూ.

అప్పట్లో నేను అక్కడ రీసెర్చ్ స్కాలర్‌ని. పిల్ల బత్తాయి చెట్లకి నత్రజని ఎంత పెడితే ఎంత పెరుగుతాయి, ఎక్కడ దాటితే చెడతాయి అన్నది నా పరిశోధన. మట్టి నింపిన సంచుల్లో అంటు కట్టిన మొక్కలు అరవై. నాలుగు వరసలు. మొదటి వరసకి యూరియా అసలు లేదు. రెండో వరసకి కొంచెం, మూడో వరసకి మధ్యస్థం, నాలుగో వరసకి దండిగా. పదిహేను రోజులకోసారి నేను యూరియా తూచి పొట్లాలు కట్టాలి. ఒక్కో పొట్లం ఒక్కో చిన్న బకెట్ నీళ్లలో కరిగించి ఒక్కో మొక్కకి పోయాలి. ఈ చివరి పని తాతది.

మొదటిరోజు ఆయన వరసల మధ్య నడిచి వచ్చి, “గీ వరసకు ఏం పెట్టవా మేడం?” అన్నాడు.

“పెట్టను తాతా. దానికి ఉపవాసం.”

“మరి ఆ కొసన ఉన్నోళ్లకు?”

“వాళ్లకి పెళ్లి భోజనం.”

ఆయన జేబు కుట్లు తడుముకున్నాడు. “ఉపవాసమోళ్లు ఎట్లనో బతుకుతరు. గా పెళ్లి భోజనమోళ్ల తోటే నాకు భయం.”

నవ్వాను. పుస్తకాల్లో ఉన్నదీ అదే. నత్రజని లేని మొక్క పాలిపోతుంది, గిడసబారుతుంది. ఎక్కువైన మొక్క గబగబా లేస్తుంది, లేతకొమ్మలు వాలిపోతాయి, ఆ లేతదనానికి పురుగు పరిగెత్తుకొస్తుంది, అంచు దాటితే ఆకుల కొసలు మాడతాయి. నాకది పరీక్షకి చదివిన విషయం. ఆయనకి భయం. ఆ రెండూ ఒకటే విషయమని తట్టడానికి నాకు చాలాకాలం పట్టింది.

యూరియా అంటే ఆయనకి ఇంకా భయం. సంచీ మూతి విప్పేముందు “ప్రభువా” అనుకునేవాడు. పనయ్యాక బకెట్లను మూడుసార్లు కడిగి, గోడ మీద బోర్లించి, ఒక్కోదాని మీద ఒక రాయి పెట్టేవాడు. నేల మీద తెల్లగింజ ఒక్కటి పడ్డా ఏరేవాడు. యూరియా రోజున ప్రహరీ కన్నంలోంచి మేకలొస్తే రాళ్లు పట్టుకుని ముసలికాళ్లతో పరిగెత్తేవాడు. మిగతా రోజుల్లో అవే మేకలకి తుమ్మకాయలు పెట్టి ముద్దు చేసేవాడు.

“మూడుసార్లెందుకు తాతా? ఒకసారి చాలదా?” అన్నాను ఒక రోజు, ఆలస్యమవుతోందని.

“మా నల్లగొండ దిక్కు దొర తోటల జీతమున్నప్పుడు ఒకసారే కడిగిన” అన్నాడు. చేతిలో బకెట్‌ను ఇంకోసారి తొలిచాడు. తర్వాత, “గా బకెట్ తోనే నింపిన గోలెం నీళ్లు రెండు బర్రెలు తాగినయ్. పొద్దుమూకకముందే రెండూ పాయె. గింజుకున్నయ్ మేడం. ఒకదాని కడుపుల దూడ.”

“తర్వాత ఏమైంది?”

“తర్వాత గా ఊరికి నేను పోలె.”

అంతే. అప్పటినుంచీ ఎక్కడుంటున్నాడు, ఎవరున్నారు అని ఆరా తీస్తే మౌలాలి అనీ, కోడలనీ చెప్పేవాడు గానీ, ఆ ఊరి పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మేవాళ్లంటే కూడా భయమే. అడిగినంత ఇచ్చేసి బయటపడేవాడు. ఒకసారి తార్నాక గేటు బయట జామపండ్ల బండి దగ్గర ఇద్దరం కలిశాం. నేను బండివాడి పండ్లని గట్టివన్నాను, పురుగువన్నాను, వాడి కాటా కింద అయస్కాంతం ఉందేమో చూపించమన్నాను. చివరికి తూకం అయ్యాక, “కొసరేది?” అని నిలబడ్డాను. వాడు ఒక పండు సంచీలో విసిరాడు. “ఇదా? ఇది కొసరా, అలకా?” అంటే ఇంకోటి పడింది. వెనక్కి తిరిగి చూస్తే తాత రోడ్డు దాటి, నేనెవరో తెలియనట్టు, ఆటోస్టాండ్ స్తంభం వెనక నిలబడి ఉన్నాడు.

“నీతోని వస్తె నా ఇజ్జత్ పోతది బిడ్డా” అన్నాడు. మేడం పోయి బిడ్డ అయింది ఆ రోజే. “గా కొసరు లేకపోతే సస్తమా?”

“కొసరు లేకపోతే అది వ్యాపారమే కాదు తాతా. మా నాన్న తూకంలో గింజ కూడా ఎక్కువెయ్యడు. కానీ పొట్లం కట్టేటప్పుడు చిటికెడు వేస్తాడు. తక్కువ కొనేవాళ్లకి ఇంకాస్త ఎక్కువ వేస్తాడు. పాపం, వాళ్లే గదా మళ్లీ మళ్లీ వచ్చేది.”

ఆయన నా చేతి వంక చూశాడు. నా మొహం వంక చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

మూడో నెల దాటేసరికి నా మొక్కలు నన్ను భయపెట్టడం మొదలుపెట్టాయి. ఉపవాసం వరస పాలిపోయింది, అది సరే. రెండో వరస, మూడో వరస అక్కచెల్లెళ్లలా ఒకే ఎత్తు, ఒకే రంగు. కొలతపట్టీ పెట్టి ఎన్నిసార్లు కొలిచినా తేడా దొరకదు. నాలుగో వరస నల్లపచ్చగా లేచి, ఏప్రిల్ ఎండకి కొసలు మాడి, ఆకులు గోధుమరంగు అంచు చీర కట్టుకున్నట్టు తయారయ్యాయి. నేను వేసిన మోతాదుకి అలా మాడకూడదు. ఫెలోషిప్ కాలం అయిపోవస్తోంది. మా నాన్న ఇప్పటికే గోల్నాకలో పప్పు కొనడానికొచ్చిన ప్రతివాళ్లకీ బిడ్డ డాక్టరవుతోందని, సూదిమందు డాక్టరు కాదని వివరించి మరీ చెబుతున్నాడు.

మా గైడ్ సార్ది అనంతపురం వైపు. కోపమొస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఆ రోజు వచ్చి వరసల మధ్య రెండుసార్లు నడిచారు. కోఠిలో నేను బేరమాడి కొన్న చిన్న డిజిటల్ కాటాను తెప్పించి ల్యాబ్ తూనికరాళ్లతో సరిచూశారు. కాటా నిక్కచ్చిగా ఉంది.

“నువ్వు తూచింది సరిగానే ఉండాది. అంటే కట్టినంక ఏదో జరుగుతాండాదమ్మా” అన్నారు చాలా మెల్లగా. “ఆ ముసలాయన జాలిపడి పేడనీళ్లో ఏందో పోస్తాండాడు. పోయినేడు ఇంకొకరి జామమొక్కలకి పోసినాడు గదా. సోమవారం నుంచి వద్దని చెప్పేస్తా. కాలం పొడిగించమని నీ తరపున నేను రాస్తాలే.”

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అది తాత పని కాదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. జాలిపడేవాడైతే ముందు ఉపవాసం వరసకి కదా పోస్తాడు? ఆ వరస పసుపుపచ్చగా, సాక్షిలా, సార్ మోకాలి పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ తప్పు పనివాడిదైతే నాకు గడువు పెరుగుతుంది. తప్పు ఎవరిదో తెలియకపోతే, తర్వాతి వేలు నా వైపే తిరుగుతుంది. కొట్టుపిల్లని కదా, లెక్క కంటిరెప్పపాటులో తేలింది. నోరు మూసుకున్నాను. నల్లా దగ్గర తాత బకెట్ కడుగుతున్నాడు. రెండోసారి కడిగి, మూడోసారి కడగకుండా చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. అన్నీ విన్నాడు.

మర్నాడు యూరియా వేసే రోజు. ఆయన వస్తాడనుకోలేదు. వచ్చాడు. షెడ్డులో నేను కాటా ముందు కూర్చున్నాను, ఆయన మామూలుగా గడప మీద కూర్చుంటాడు. ఆ రోజు లోపలికి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేను తలెత్తలేదు. కాగితం పెట్టాను, తూచాను, అంకె సరిపోయింది, కాగితం తీశాను, మడవబోయాను.

అప్పుడు ఆయన అరచేయి వచ్చి నా చేతికింద నిలిచింది. పగుళ్ల నిండా మట్టి ఉన్న ఆ అరచేతిలో టపటపమని తెల్లగింజలు పడ్డాయి.

ఏమిటివి అనుకున్నాను. నా కుడిచేతి మూడు వేళ్లు దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి. ఆ వేళ్లు యూరియా డబ్బాలోకి ఎప్పుడు వెళ్లాయో, ఎప్పుడు తిరిగొచ్చాయో నాకు తెలియదు.

“ఇంకోటి కట్టు” అన్నాడు.

కట్టాను. ఈసారి చూస్తూ కట్టాను. ఎడమచేయి కాగితం అంచు మడుస్తుంటే కుడిచేయి తనంతట తాను డబ్బా దాకా వెళ్లి చిటికెడు తెచ్చింది. రెండో వరస పొట్లాలు చిన్నవి కదా, వాటికి ఇంకాస్త లావు చిటికెడు. మా నాన్న చేయి అది. నా భుజానికి ఇంకెవరిదో చెయ్యి అతికించినట్టుంది.

నలభై అయిదు పొట్లాలయ్యేదాకా ఆయన అరచేయి తీయలేదు. మోచెయ్యి వణికితే ఎడమచేత్తో పట్టుకున్నాడు. చివరికి ఆ కుప్పని రుమాల్లో పోసి నా ముందు పెట్టాడు.

“ఎప్పటినుంచి చూస్తున్నావు తాతా?”

“మొదటి దినం నుంచి.”

“మరి చెప్పలేదేం?”

“సదువుకున్నోళ్ల లెక్క గదా, గట్లనే ఎయ్యాలేమో అన్కున్న. జామకాయల కాడ నువ్వు మీ నాయిన ముచ్చట చెప్పినంక అనుమానమొచ్చింది. అడుగుదామంటె భయమాయె.” జేబు కుట్లు తడుముకున్నాడు. “నేను జెప్తె సార్ నమ్మడు బిడ్డా. నువ్వు జెప్తె నమ్ముతడు. ఈ వయసుల నాకింకో పని దొరకది.”

నా నోటెంట వచ్చిన మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. “సోమవారం దాకా టైముంది కదా తాతా. ఒక్క రెండు రోజులాగు. ఏదో ఒక దారి చూస్తాను. ఇద్దరికీ నష్టం లేకుండా.”

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. జామపండ్ల రోజున నాన్న కొసరు గురించి చెప్పినప్పుడు చూసిన చూపు.

“గీడ గూడ బేరమేనా?” అన్నాడు.

రుమాలు మూట పట్టుకుని నేను సార్ గదికి నడిచాను. తోట నుంచి డిపార్ట్‌మెంట్‌కి అయిదు నిమిషాల దారి. అంత భయం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాను కూడా. ఆయన వెనకే వస్తుంటాడేమో, చూస్తుంటాడేమో అనుకున్నాను. ఎవరూ లేరు. చూసేవాళ్లు లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

మూట విప్పి బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. కొసరు, నాన్న, చేయి, నిన్న నేను మూసుకున్న నోరు, అన్నీ. సార్ లేచి ఆ గింజల్ని తూచి, కాగితం మీద రాసుకుని, కళ్లద్దాలు తీశారు.

“మా ఊర్లో గూడా ఏస్తారు కొసరు” అన్నారు ఇంకా మెల్లగా. “కానీ చెట్టుకెవురమ్మా ఏసేది?”

నేను ఏడ్చాను. ఆయన ఆపమనలేదు. “మళ్లా మొదట్నుంచి చెయ్. గడువు సంగతి అడుగుతాను, వస్తే వస్తుంది. లేకుంటే నీ తిప్పలు నువ్వు పడాల. ముసలాయనకి నేనే పోయి చెప్తా” అన్నారు. చెప్పారు కూడా. సార్ తన దగ్గరికి నడిచి రావడం చూసి తాత భయపడి బకెట్ జారవిడిచాడట.

గడువు రాలేదు. తార్నాకలో ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ ఏడాది గడిపాను.

పాడైన మొక్కలని పీకేరోజున తాత వాటి వేళ్లను నీళ్లలో మెల్లగా కడిగి గట్టు మీద వరసగా పడుకోబెట్టాడు. ఉపవాసం మొక్క జానెడు లేదు, వేళ్లు మాత్రం సంచీ అంతా చుట్లు చుట్లుగా వెతికాయి. పెళ్లి భోజనం మొక్క నా నడుము దాకా ఉంది. దాని వేరు నా పిడికిలంత.

“అడక్కముందే నోట్ల వెడితె వేరెందుకు కదుల్తది?” అన్నాడు, చేతివేళ్ల వెనక వైపుతో ఆ నల్లపచ్చ ఆకును ముట్టుకుంటూ. “గిది గాలికి నిలవడదు. ఎండకు నిలవడదు. చూసెటోళ్లు మాత్రం ఎంత మంచిగున్నదంటరు. అందుకే నాకు భయం.”

కొత్త మొక్కలు పెట్టాం. పదిహేను రోజులకోసారి, నేను పొట్లాలు కట్టినంతసేపూ, పిలవకుండానే ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని అరచేయి చాచేవాడు. మొదట్లో గింజలు పడేవి. తర్వాత తగ్గాయి. తర్వాత ఒక్కటీ పడలేదు. అయినా చేయి తీసేవాడు కాదు. “ఇంక నమ్మకం కుదరలేదా తాతా?” అంటే, “నీ మీద కుదిరింది. నీ చేతి మీద కుదర్లె” అనేవాడు.

నా పట్టా వచ్చాక మిఠాయి పట్టుకుని వెళ్తే, తాత పోయి అప్పటికే నెలన్నర అయిందని తోట వాచ్‌మన్ చెప్పాడు. పడుకున్నవాడు లేవలేదట. గోడ మీద బకెట్లు వెల్లకిలా ఉన్నాయి. నేనే కడిగి బోర్లించి, రాళ్లు పెట్టి వచ్చాను.

మళ్లీ మొన్నటి ట్రాలీ ఆటో సంగతికి వస్తే, నేను ఇంకా ఆకు పట్టుకునే నిలబడి ఉన్నాను. పక్కన ఉపవాసంలో ఉన్నట్టు పాలిపోయిన చిన్న మొక్క ఒకటి కనిపించింది. “ఇదియ్యి” అన్నాను.

“గదా! గది రోగపుదమ్మా. నిగనిగలాడేది ఇడిసిపెట్టి…” వాడు నన్ను అనుమానంగా చూశాడు. ధర అడిగినంత ఇచ్చాను. వాడికి ఇంకా అనుమానమొచ్చింది. మొక్కను సంచీలో పెడుతూ, పాపం ఏదో మోసం చేసినట్టు అనిపించిందేమో, సీటు కింద డబ్బాలోంచి గుప్పెడు తెల్లగింజలు తీసి సంచీలోకి ఒంపబోయాడు. “కొసరు ఏస్కో. నెల దిర్గకముందే పచ్చగైతది.”

నాకు తెలియకుండానే నా అరచేయి వెళ్లి వాడి చేతికింద నిలిచింది.

“ఏందమ్మా, చేయడ్డం పెడ్తవ్?” అన్నాడు వాడు, నవ్వుతూ.

గింజలన్నీ నా చేతిలో పడ్డాయి. పిడికిలి మూశాను. ఇప్పుడు వీటిని ఎక్కడ వేయాలి? రోడ్డు పక్కన కూరగాయల తుక్కులో ఆవు ఒకటి మూతి పెట్టి ఉంది. గుప్పెడు గింజలకి అంత ఆవు చావదని పట్టా ఉన్న నాకు తెలుసు. డ్రైనేజీ పక్కన చూస్తే మేకపిల్ల. చెత్తడబ్బా చూస్తే కుక్క. ఎడమచేతిలో పాలిపోయిన మొక్క, కుడిచేతిలో చెమటకి కరుగుతున్న యూరియా. సిగ్నల్ పడింది, జనం దాటుతున్నారు. ఆ పిడికిలి ఛాతీకి ఆనించుకుని, ఒక్క గింజ కూడా జారకుండా చూసుకుంటూ, ఇంటిదాకా నడిచాను. సింకు దగ్గర చేయి కడిగాను. మళ్లీ కడిగాను. మూడోసారి కడిగాకే నల్లా కట్టాను.